బీఎస్సీ అగ్రికల్చర్ చదివాను, వ్యవసాయ పత్రికలో ఎడిటర్‌ని కావాలనుంది. ఈ దారిలో బతుకు ఉందా?

ఖమ్మం వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. బీఎస్సీ అగ్రికల్చర్ అయిపోయింది, రెండేళ్లుగా ఒక విత్తన కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా తిరుగుతున్నాడు. ఇప్పుడు ఒక వ్యవసాయ మాసపత్రికలో సబ్‌ఎడిటర్ ఉద్యోగం ఇస్తామన్నారు, జీతం మాత్రం ఇప్పటికంటే తక్కువ. చేరాలా వద్దా, ఎడిటర్ దాకా వెళ్లాలంటే ఏం కావాలి, ఆ పని అసలు ఎలా ఉంటుంది అని అడిగాడు.

ముందు నా సంగతి. 1999లో ఒక వ్యవసాయ మాసపత్రికలో సబ్‌ఎడిటర్‌గా చేరాను. మధ్యలో కొన్నేళ్లు టీవీలో పొద్దున్నే వచ్చే రైతుల కార్యక్రమానికి స్క్రిప్టులు రాసి, మళ్లీ పత్రికకే వచ్చి ఎడిటర్‌నయ్యాను. ఇప్పుడు పత్రికతోపాటు దాని వీడియోలు కూడా నా నెత్తినే ఉన్నాయి. నాది తెలుగు ఎంఏ. వ్యవసాయం అంటే మా నాన్న వెంట చేలో తిరిగి చూసిందే తప్ప చదువుకున్నది కాదు. మీకు ఆ చదువుంది కాబట్టి నేను పడ్డ గోతుల్లో సగం మీకు ఎదురుకావు. మిగతా సగం గురించి చెబుతాను.

ఈ ఉద్యోగంలో రాయడం చిన్న పని. మనం అచ్చేసిన అంకెను రేపు పొద్దున ఎవరో ఒకాయన పుస్తకం తెరిచి పెట్టుకుని స్ప్రేయర్ ట్యాంకులో కలుపుతాడు. సినిమా పేజీలో తప్పు పడితే నవ్వుకుని వదిలేస్తారు. ఇక్కడ తప్పు పడితే పంట మీద పడుతుంది. ఇది నాకు రెండో ఏడే అర్థమైంది.

2001లో జరిగింది. మిరపలో పూత రాలకుండా కొట్టే నాఫ్తలిన్ ఎసిటిక్ ఆమ్లం ఉంది కదా, రైతులు ప్లానోఫిక్స్ అంటారు. దాని మోతాదు 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. శాస్త్రవేత్త పంపిన వ్యాసంలో సరిగ్గా అలాగే ఉంది. కానీ ఆ వ్యాసంలో మిగతా మందులన్నీ 'లీటరు నీటికి ఇన్ని మి.లీ.' అని ఉన్నాయి, ఇదొక్కటే తేడాగా కనిపించింది. అంతా ఒకే తీరుగా ఉండాలన్న పిచ్చి అప్పట్లో నాకు బాగా ఉండేది. దీన్నీ ఆ మూసలోకి తెద్దామని 'లీటరు నీటికి 4.5 మి.లీ.' అని దిద్దేశాను. అసలు మోతాదుకు ఇరవై రెట్లు. పైగా అది మామూలు మందు కాదు, హార్మోను. కొంచెంగా వాడితే పూతను నిలుపుతుంది, మోతాదు మించితే ఆ పూతనే రాలుస్తుంది. ప్రూఫ్ చూసింది కూడా నేనే. మన తప్పు మన కళ్లకు కనబడదు.

పత్రిక వెళ్లిన పది రోజులకు పల్నాడు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. తిట్టలేదు. "మీ పుస్తకం చూసే కొట్టాను బాబూ, చెట్టు మీద పువ్వు లేదు" అన్నాడు. మా ఎడిటర్ గారు నన్ను వెంటబెట్టుకుని మర్నాడే బస్సెక్కించారు. ఆయన కొట్టింది అర ఎకరమే, అంతవరకు నయం. సాళ్ల మధ్య నల్లరేగడి మీద తెల్లగా పూత, ఎవరో బియ్యం ఒలకబోసినట్టు. లేత ఆకులు మెలిపడి ఉన్నాయి. ఆయన మా ఇద్దరికీ మజ్జిగ ఇప్పించి, చేతిలోని పుస్తకం తెరిచి ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి చూపించాడు. కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది. అంత శ్రద్ధగా చదివే పాఠకుడు సాహిత్య పత్రికలకు కూడా దొరకడు. ఆ మజ్జిగ నాకు దిగలేదు.

తిరుగు బస్సులో ఎడిటర్ గారు ఒకటే మాట అన్నారు: "మోతాదుల మీద నీ పెన్ను పెట్టకు. సందేహం ఉంటే పెన్సిల్‌తో సున్నా చుట్టి, రాసినాయనకు ఫోన్ చెయ్యి." తర్వాతి నెల మొదటి పేజీలో సవరణ వేశాం. నెల పత్రికలో సవరణ అచ్చయ్యేసరికి ఆ పూత దశ దాటిపోతుంది, ఎవరికి ఉపయోగం? అందుకే ఆ ప్రాంతంలో మాకు తెలిసిన మందుల షాపులన్నిటికీ ఫోన్లు చేసి, గోడకు కాగితం అంటించమన్నాం. ఆ పెన్సిల్ పద్ధతి ఇప్పటికీ మా ఆఫీసులో ఉంది, కాకపోతే కంప్యూటర్‌లో పసుపు రంగు పూస్తున్నాం.

అంకెల గొడవ మోతాదుతో ఆగదు. పరిశోధన పత్రాల్లో అంతా హెక్టారు లెక్క. మన రైతుకు హెక్టారు ఏమిటి? వరిలో కలుపుకు కొట్టే బిస్‌పైరిబాక్ సోడియం హెక్టారుకు 250 మి.లీ. అని ఉంటే మనం ఎకరాకు 100 అని రాయాలి. ఎకరంలోకి వచ్చాక తెలంగాణలో 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. దిగుబడి ఇంకా తమాషా. కోస్తాలో బస్తా అంటే 75 కిలోలు, తెలంగాణలో కొనుగోలు కేంద్రాల్లో చాలాచోట్ల 40 కిలోల బస్తా నడుస్తుంది. 'ఎకరాకు 40 బస్తాలు' అని తెనాలి రైతు చెబితే అది 30 క్వింటాళ్లు. జగిత్యాల రైతు అదే చదివితే 16 క్వింటాళ్లేనా అని పెదవి విరుస్తాడు. కాబట్టి మా దగ్గర బస్తా అని వచ్చిన ప్రతిచోటా పక్కన క్వింటాళ్లు ఉండాల్సిందే.

పాత సంచికల నుంచి వ్యాసాలు తీసి మళ్లీ వేసే అలవాటు అన్ని ఆఫీసుల్లోనూ ఉంది, పేజీలు నిండాలి కదా. అది ప్రమాదం. ఒకప్పుడు పత్తిలో రసం పీల్చే పురుగులకు మోనోక్రోటోఫాస్‌ను 1:4 నిష్పత్తిలో నీటితో కలిపి కాండానికి పూయమని అందరమూ రాశాం. మోనోక్రోటోఫాస్ 36 శాతం మందును కేంద్రం 2023లో నిషేధించింది. ఎండోసల్ఫాన్ అనే మరో పురుగుమందును 2011లో సుప్రీంకోర్టు ఆపింది. పాత ఫైలు తీసి అలాగే వేస్తే ఈ రెండూ మళ్లీ పేజీలోకి నడిచొస్తాయి. ఏ మందు ఏ పంటకు, ఏ పురుగుకు రిజిస్టర్ అయిందో చూడకుండా ఏదీ వేయకూడదు. మీరు ఫీల్డ్‌లో తిరిగారు కాబట్టి మందు ఎంత విషమో చెప్పే లేబుల్ మీది త్రికోణం రంగులు మీకు చెప్పక్కర్లేదు. సీసాతో వచ్చే మడత కాగితం మాత్రం చదవడం అలవాటు చేసుకోండి, దాన్ని చదివేవాళ్లు ఈ రంగంలోనే తక్కువ.

ఇక సమయం. దినపత్రిక ఎడిటర్ నిన్నటి గురించి ఆలోచిస్తాడు, మనం రెండు నెలల తర్వాతి పొలం గురించి ఆలోచించాలి. జులై సంచిక జూన్ నెలాఖరుకు పోస్టులో పడాలంటే జూన్ 15కు పేజీలు మూయాలి, వ్యాసాలు మే నెలలోనే అడగాలి. ఎండలు మండిపోతుంటే కూర్చుని నారుమడి గురించి, వరికి పట్టే ఉల్లికోడు పురుగు గురించి మాట్లాడుకుంటాం. నా కుర్చీ వెనక గోడకు ఇంగ్లీషు క్యాలెండర్ కాకుండా కార్తెల పట్టిక ఉంటుంది. రోహిణి, మృగశిర, ఆరుద్ర అని చెబితే రైతుకు వెంటనే అందుతుంది, జూన్ రెండో పక్షం అంటే వేళ్లు లెక్కపెట్టుకోవాలి. ఇంత చేసినా కాలవకు నీళ్లు పదిహేను రోజులు ఆలస్యంగా వదిలారనుకోండి, సంచికలో రాసిందంతా పొలం కంటే ముందుకు వెళ్లిపోతుంది. అలాంటప్పుడు వీడియోలు కొంత ఆదుకుంటాయి. వాతావరణ శాఖ వ్యవసాయ సలహాలు మంగళవారం, శుక్రవారం వస్తాయి, మా వీడియోలు కూడా ఆ రెండు రోజుల చుట్టూనే తిరుగుతాయి.

మాట గురించి చెప్పాలంటే నాకు ఇష్టమైన భాగం ఇదే, కొంచెం ఎక్కువ చెబితే ఏమనుకోకండి. తెలుగులో వ్యవసాయం రాయడమంటే రెండు మూడు తెలుగులు తెలిసి ఉండాలి. వేరుశనగ అన్నచోట పల్లి అంటారు, మొక్కజొన్న అన్నచోట మక్క. రబీ పంట ఒకచోట యాసంగి, ఇంకోచోట దాళ్వా. ఒక వరి రకాన్ని ఎంటీయూ 1010 అని రాస్తే శాస్త్రవేత్తకు సంతోషం, రైతు దాన్ని 'టెన్ టెన్' అంటాడు, విత్తన సంచి మీద కాటన్‌దొర సన్నాలు అని ఉంటుంది. మూడూ ఒక్కసారైనా పేజీలో కనిపించాలి.

మాట తప్పితే మందు తప్పుతుంది. 2021లో మిరప మీదికి కొత్త తామర పురుగు వచ్చింది, త్రిప్స్ పార్విస్పైనస్. నల్లగా, పువ్వుల్లో గుంపులుగా ఉండేది. పేజీల్లో 'నల్ల తామర పురుగు' అని రాశాం. మాకు ఫోన్ చేసిన రైతుల్లో చాలామంది దాన్ని 'నల్లి' అన్నారు. పుస్తకం ప్రకారం నల్లి అంటే ఎనిమిది కాళ్ల మైట్, దాని మందులు వేరు. షాపుకెళ్లి నల్లి అని అడిగితే నల్లి మందే ఇస్తాడు. అందుకని ఆ సీజన్లో ప్రతి వ్యాసాన్నీ 'మీరు నల్లి అంటున్న ఈ నల్ల పురుగు నల్లి కాదు' అన్న వాక్యంతోనే మొదలుపెట్టాం. 2018లో మక్కలోకి కత్తెర పురుగు వచ్చినప్పుడు కూడా ఇదే తిప్పలు. మన దేశంలో మొదట కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర కనబడింది. మనవాళ్లు పాత లద్దె పురుగే అనుకున్నారు. తల మీద తిరగేసిన ఇంగ్లీషు 'వై' అక్షరం, తోక దగ్గర చతురస్రంలా నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. ఆ రెండు గుర్తులతో పెద్ద ఫొటో అరపేజీ వేశాం. వ్యాసం ఎంతమంది చదివారో గానీ, ఆ పేజీ చించి జేబులో పెట్టుకున్న రైతులను నేను చూశాను.

వ్యాసం తెచ్చిచ్చే శాస్త్రవేత్తలు మంచివాళ్లే, తెలుగులోనే రాస్తారు, కానీ ఆ తెలుగు థీసిస్ తెలుగు. 'సిఫార్సు చేయబడిన మోతాదులో పిచికారీ చేయబడవలెను' అని వస్తుంది. దాన్ని 'ఇంత కలిపి కొట్టండి' అని మార్చడానికి మీకు డిగ్రీ అక్కర్లేదు, చొరవ కావాలి. మార్చాక మళ్లీ ఆయనకే చూపించాలి. ఇప్పుడు కొత్త బెడద, మెషిన్ అనువాదం. ఇంగ్లీషు బులెటిన్‌ను ఫోన్‌లో వేసి తెలుగు చేసి పంపుతున్నారు. ఇంగ్లీషులో బూట్ స్టేజ్ అనే వరి చిరుపొట్ట దశ కాస్తా 'బూటు దశ' అయి వచ్చింది ఒకసారి. ఆకు తొలిచే పురుగు, అంటే లీఫ్ మైనర్, 'ఆకు గని కార్మికుడు' అయింది. ఆఫీసంతా నవ్వుకున్నాం. వరి పిలకలను 'టిల్లర్లు' అని వదిలేస్తే మాత్రం నవ్వు రాదు, రైతు ట్రాక్టర్ షెడ్డు వైపు చూస్తాడు.

డబ్బు సంగతి దాచను. చందాలతో ఏ వ్యవసాయ పత్రికా నడవదు, మందుల కంపెనీలు, విత్తన కంపెనీలు ఇచ్చే ప్రకటనలతో నడుస్తుంది. వెనక అట్ట మీద ప్రకటన ఇచ్చినాయన లోపల నాలుగు పేజీల 'రైతు విజయగాథ' కూడా అడుగుతాడు, అందులో తన సీసా కనిపించాలంటాడు. మీరు సబ్‌ఎడిటర్‌గా ఉన్నంతకాలం ఈ బాధ మీది కాదు. ఎడిటర్ కుర్చీలో మొదటి నెలలోనే మీ ముందుకొస్తుంది. నేను పెట్టుకున్న హద్దు ఇది: డబ్బు తీసుకున్న పేజీ మీద 'ప్రకటన' అని పెద్దక్షరాల్లో ఉంటుంది, మామూలు వ్యాసంలో కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు సాంకేతిక నామమే ఉంటుంది. ఈ హద్దు వల్ల ఒక ఏడాది వెనక అట్ట ప్రకటన పోయింది, మా అందరి జీతాలూ రెండు నెలలు ఆలస్యమయ్యాయి. యజమాని నన్ను తీసేయలేదు, కానీ ఆ రెండు నెలలూ నాతో సరిగా మాట్లాడలేదు. ఇంట్లో టెన్షన్ వేరే.

నేనూ శుద్ధపూసను కాను. ఈము పక్షుల కాలం గుర్తుందా? 2007 ప్రాంతంలో ఒక ఈము ఫారం మీద రెండు పేజీలు నేనే రాశాను, ఫొటోలు నేనే తీశాను. ఆయనకు లాభం వచ్చిన మాట నిజమే, లెక్కలు చూపించాడు. నేను అడగని ప్రశ్న ఒకటే: కొనేది ఎవరు? ఆయన అమ్మేది కొత్తగా ఫారం పెట్టేవాళ్లకు పిల్లలు, గుడ్లు. మాంసం తినేవాళ్లు లేరు, నూనె కొనేవాళ్లు లేరు. కొత్తవాళ్లు వస్తున్నంతకాలం తిరిగింది, 2012 నాటికి కుప్పకూలింది. మేత ఖర్చు భరించలేక పక్షులను వదిలేసినవాళ్లూ ఉన్నారు. మా వ్యాసం చూసి పెట్టామని ఇద్దరు నాతో నేరుగానే అన్నారు. ఇవాళ 'ఎకరాకు పది లక్షలు' అని వీడియో కింద హెడ్డింగు పెట్టే కుర్రాళ్లను చూస్తే నాకు ఆ ఈము కళ్లే గుర్తొస్తాయి. విజయగాథ ఏదైనా మా డెస్కులో అడిగేవి: సరుకు కొనేవాడు ఎవరు, మొదటి ఆదాయానికి ఎన్నేళ్లు, కౌలు లెక్కలో కలిపారా, ఇంట్లో ఆడవాళ్ల కూలి కలిపారా, పోయినేడు రేటు ఎంత. చివరి ప్రశ్నకే సగం విజయగాథలు ఆగిపోతాయి.

ఉద్యోగాలు ఎక్కడున్నాయంటే, ఒక్క పత్రికల్లోనే చూడకండి. తెలుగులో ఈ రంగానికి వయసుంది. 'అన్నదాత' 1969లో మొదలైంది. 'రైతునేస్తం' నడిపిన యడ్లపల్లి వెంకటేశ్వరరావు గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది, వ్యవసాయ జర్నలిజానికి ఆ గుర్తింపు దక్కినందుకు మా ఆఫీసులో కూడా స్వీట్లు పంచాం. దినపత్రికల్లో 'సాక్షి' వారి 'సాగుబడి' లాంటి పేజీలు ఉన్నాయి. రేడియోను తక్కువ చూడకండి. తంజావూరు వైపు 1960ల్లో ఏడీటీ 27 అనే వరి రకాన్ని రైతులు 'రేడియో వరి' అని పిలుచుకున్నారు, ఆకాశవాణిలో విని వేశారు కాబట్టి. దూరదర్శన్‌లో 'కృషి దర్శన్' 1967 జనవరి 26న మొదలైంది, రైతుల కోసమే డీడీ కిసాన్ 2015లో వచ్చింది. ఇవి కాక విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ లాంటివాటి ప్రచురణలు, స్వచ్ఛంద సంస్థలు, రైతుల యాప్‌లు నడిపే కంపెనీలు. ఈ యాప్‌ల వాళ్లు జీతం పత్రికలకంటే బాగా ఇస్తారు, ప్రాజెక్టు అయిపోతే ఇంటికి పంపడం కూడా అంతే త్వరగా చేస్తారు.

పత్రికల్లో జీతం తక్కువ, అది అబద్ధం చెప్పి ప్రయోజనం లేదు. నా వయసువాళ్లలో వ్యవసాయ అధికారులు (ఏఓలు) అయినవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు, నేను ఆలస్యంగా అపార్టుమెంటులో ఒక ఫ్లాటు కొన్నాను, ఈఎంఐ ఇంకా నడుస్తోంది. సబ్‌ఎడిటర్ నుంచి ఎడిటర్ దాకా నాకు పన్నెండేళ్లు పట్టింది. చిన్న పత్రికల్లో నాలుగైదేళ్లకే ఆ కుర్చీ ఇస్తారు, ఎందుకంటే అక్కడ ఎడిటర్, రిపోర్టర్, ప్రకటనల మనిషి, పోస్టాఫీసుకు వెళ్లే మనిషి అంతా ఒక్కరే. బీఎస్సీ అగ్రికల్చర్ ఉంటే చాలా, జర్నలిజం డిప్లొమా కూడా చేయాలా అంటే, ఉంటే మంచిదే, లేకపోతే మునిగిపోయేదేం లేదు. తెలుగు ధారాళంగా రాకపోతే మాత్రం రెండు డిగ్రీలూ కాపాడలేవు. ఇంగ్లీషు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు మొదటి ఆరునెలలు ఇదే కష్టం.

రోజు ఎలా గడుస్తుందో కూడా అడిగారు. పొద్దున గంటన్నర ఫోన్లు. ఒకప్పుడు రైతులు తెగులు సోకిన ఆకును గుండుసూదితో ఉత్తరానికి గుచ్చి పంపేవారు. మా దగ్గరికి వచ్చేసరికి పొడి అయ్యేది, కవరు తెరిస్తే పొగాకులా రాలేది. ఇప్పుడు వాట్సాప్ ఫొటో, అందులో ఆకు కంటే బొటనవేలు బాగా కనబడుతుంది. ఆకు అడుగుభాగం తీసి పంపమని రోజుకు పదిసార్లు చెబుతాం. అగ్గి తెగులా, పాముపొడా అని మాకే తేలకపోతే దగ్గర్లోని శాస్త్రవేత్తకు పంపి, సాయంత్రానికి జవాబిస్తాం. తెలియనప్పుడు 'తెలియదు, కనుక్కుని చెబుతాను' అని చెప్పగలగాలి. అది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఫోన్లయ్యాక వ్యాసాలు, మధ్యాహ్నం పేజీలు, నెలకు నాలుగైదు రోజులు ఊళ్లు. ఊళ్లు తిరగడం మానేసిన ఎడిటర్ పత్రిక మూడు సంచికల్లో తెలిసిపోతుంది, అన్ని ఫొటోల్లోనూ మనుషులు శాలువాలు కప్పుకుని ఉంటారు.

మీ ప్రశ్నకు వస్తే, ఇప్పుడే రాజీనామా పెట్టొద్దు. యాసంగి అయ్యేదాకా కంపెనీలోనే ఉండండి. మీ దగ్గర ఇప్పుడున్న ఆస్తి ఆ తిరుగుడే. పొద్దున ఏడింటికి ఏదైనా మందుల షాపు బల్ల మీద కూర్చుని, రైతు ఏ మాటతో అడిగాడు, షాపాయన ఏమిచ్చాడు అన్నది ఒక నోటుబుక్కులో రాసుకోండి. నెలరోజులు చాలు. ఆ తర్వాత మీ మండలంలో ఒకే పంట తీసుకుని మూడు వ్యాసాలు రాయండి, ఒక్కోటి నాలుగు వందల మాటలు దాటకుండా. ఆ పత్రికవాళ్లకు అవి పంపి, దిద్ది వెనక్కి పంపమని అడగండి. దిద్దుబాటు ఎర్రగా నిండుగా వస్తే, జీతం కొంచెం తగ్గినా, చేరండి. నేర్పే మనిషి అక్కడున్నాడు. 'చాలా బాగుంది' అని ఒక్క లైను వస్తే ఆలోచించుకోండి.

మూడింటిలో ఒకటి మాత్రం పంపేముందు ఇంట్లో వ్యవసాయం చేసే పెద్దవాళ్లెవరికైనా పైకి చదివి వినిపించండి. మీ నాన్నగారైతే మరీ మంచిది. ఆయన ఎక్కడ 'ఆగరా, మళ్లీ చదువు' అన్నారో అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఆ కాగితం నాకు ఫొటో తీసి పంపండి. సున్నాలు చూసి మిగతాది మాట్లాడుకుందాం.